సినిమాకు మార్కులు: ఏ కొలతతో వేస్తున్నాం?

గత రెండు పాఠాల్లో కథను, నాటకాన్ని విమర్శకులు ఎలా పరిశీలిస్తారో చదువుకున్నారు. ఈ పాఠంలో సినిమా దగ్గరికి వస్తున్నాం. మిగతా కళల విమర్శకు లేని ఇబ్బంది ఒకటి సినిమా విమర్శకు ఉంది. నవల మీద వ్యాసం రాసినవారిని ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని ఎవరూ అడగరు. సినిమా సమీక్ష రాసినవారిని మాత్రం మొదట అడిగేది అదే. శుక్రవారం ఉదయం మీ ఫోనులో కనిపించే సమీక్షలో చాలామంది చూసేది చివర ఉండే అంకె ఒక్కటే: 2.75, 3, 3.25. జానపదానికీ, హాస్య చిత్రానికీ, పోలీసు కథకూ, వలస కూలీల కథకూ అదే ఐదు మార్కుల త్రాసు. ఇన్ని రకాల సినిమాలను ఒకే త్రాసులో తూచడం ఎలా కుదురుతుంది? కుదరనప్పుడు నష్టపోయేది ఎవరు? ఈ పాఠంలో మనం ఆలోచించబోయేది దీని గురించే.

త్రాసు సంగతి అనంతపురం ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. వేరుశనగ పంట ఇంటికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. నూనె కోసం కొనే వ్యాపారి గుప్పెడు కాయలు వలిచి, గింజ ఎంత తూగుతుందో చూస్తాడు. విత్తనానికి కొనే రైతు గింజ మొలకెత్తుతుందా, పురుగు తగిలిందా, పైపొర చెదిరిందా అని చూస్తాడు. పశువులున్న పక్కింటాయనకు కాయతో పనే లేదు. కట్టె ఆకు రాలకుండా ఎండిందా, వానకు తడిసి బూజు పట్టిందా అన్నదే ఆయన లెక్క. ముగ్గురూ చూస్తున్నది ఒకే చేను పంటను. ముగ్గురూ చెప్పిన ధరలను కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ ముగ్గురిలో ఎవరికీ పనికిరాదు. సినిమాకు వేసే మార్కు చాలాసార్లు ఇలాంటి సగటే.

నక్షత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సినిమాకు నక్షత్రాలు ఇచ్చే పద్ధతి అమెరికా దినపత్రికల్లో పుట్టింది. 1928లో న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో ఐరీన్ థైరర్ అనే సమీక్షకురాలు ఈ పద్ధతి మొదలుపెట్టారని సాధారణంగా చెబుతారు. ఉద్యోగానికి వెళ్లే తొందరలో పత్రిక తిరగేసే పాఠకుడికి ఒక గుర్తు కావాలి. అంతవరకు అది సదుపాయమే. చాలాకాలం తర్వాత అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ తన నక్షత్రాల గురించి ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చారు. తాను వేసే మార్కు సాపేక్షమైనదనీ, ఒక సాహస చిత్రాన్ని అదే కోవకు చెందిన మరో సాహస చిత్రంతో పోల్చి వేస్తాననీ, గంభీరమైన కుటుంబ విషాదంతో పోల్చి కాదనీ ఆయన చెప్పారు. అంటే ఆయన దగ్గర ఒకటి కాదు, చాలా త్రాసులున్నాయి. పైకి కనిపించే అంకె మాత్రం ఒకే రకంగా ఉంటుంది. ఈ సంగతి తెలియని పాఠకుడు ఒక తేలికపాటి హాస్య చిత్రానికీ, ఒక గొప్ప విషాద చిత్రానికీ మూడేసి నక్షత్రాలు చూసి, రెండూ సమానమనుకునే ప్రమాదం ఉంది.

శాతాలు ఇచ్చే పద్ధతి ఇంకొకటి. 1998లో మొదలైన రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైటు ప్రతి సమీక్షనూ మెచ్చుకున్నదా, మెచ్చనిదా అని రెండు రకాలుగా విడదీసి, మెచ్చినవారి శాతాన్ని ప్రకటిస్తుంది. ఇందులో ఉన్న చిక్కు చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక సినిమాకు పదిమంది సమీక్షకులూ ఐదుకు మూడు చొప్పున వేసి, పరవాలేదన్నారనుకుందాం. పదిమందీ మెచ్చినట్టే కనుక ఆ సినిమాకు 100 శాతం. మరో సినిమాకు ఆరుగురు ఐదుకు ఐదు వేశారు, నలుగురు రెండేసి వేశారు. దీనికి 60 శాతమే. కానీ మార్కుల సగటు చూస్తే మొదటి సినిమాకు 3, రెండో సినిమాకు 3.8. ఎవరినీ నొప్పించని సినిమాకు నూరు, కొందరిని కదిలించి కొందరిని కోపగించుకునేలా చేసిన సినిమాకు అరవై! శాతం తప్పు చెప్పలేదు. అది జవాబు చెప్పిన ప్రశ్న వేరు, మనం అడిగామనుకున్న ప్రశ్న వేరు.

మన దగ్గర పరిస్థితికి ఇంకో మెలిక ఉంది. పెద్ద తెలుగు సినిమాలకు అమెరికాలో ముందుగా ప్రీమియర్లు పడతాయి. అక్కడి ప్రేక్షకుల మాట, అక్కడ చూసి రాసిన సమీక్షలు, అనంతపురంలో ఉదయం ఆట మొదలయ్యేలోపే మనకు చేరిపోతాయి. 2024లో కేరళ హైకోర్టుకు సహాయకుడిగా నియమితుడైన న్యాయవాది, సినిమా విడుదలైన 48 గంటల వరకు సమీక్షలు ఆపితే మంచిదని సూచించారు కూడా. తొందర ఒక సమస్యే, కాదనను. కానీ రెండు రోజులు ఆగి వేసినంత మాత్రాన తప్పు త్రాసు సరైన త్రాసు అయిపోదు. ఇక ఆ పావు మార్కు సంగతి: 2.75కీ 3కీ మధ్య తేడా ఏమిటో, దాన్ని వేసినవారు వివరించగా నేనైతే ఇంతవరకు చదవలేదు.

అంకె లేకుండా బతికే సమీక్ష కూడా ఉంటుంది. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాసిన సినిమా సమీక్షలను తర్వాతి కాలంలో పుస్తకంగా వేస్తే జనం కొనుక్కుని చదివారు. అందులో ఉన్న సినిమాలు కొన్ని ఇవాళ చూద్దామన్నా సులభంగా దొరకవు. అయినా సమీక్ష చదువుతాం. కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలూ అంతే. ఒక సినిమాలో ఏది బెడిసింది, ఎందుకు బెడిసింది అని వాళ్లు చెప్పే తీరు మరో సినిమా చూసేటప్పుడు మనకు పనికొస్తుంది.

మూడు ప్రశ్నలు, ఒక తాడిపత్రి దర్శకుడు

రకరకాల సినిమాలను న్యాయంగా చూడాలంటే విమర్శకులు వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. ఈ సినిమా ఏం చేస్తానని పూనుకుంది? పూనుకున్నది చేయగలిగిందా? అసలది పూనుకోదగిన పనేనా? జర్మన్ కవి గోథే 19వ శతాబ్దం తొలినాళ్లలోనే నాటకాన్ని పరిశీలిస్తూ దాదాపు ఇవే ప్రశ్నలు వేశాడు. మొదటి రెండూ సమీక్షకులు తెలిసో తెలియకో వేసుకుంటూనే ఉంటారు. మూడోదాన్ని తరచుగా వదిలేస్తారు.

మొదటి రెండు ప్రశ్నలను పరీక్షించి చూడటానికి మన ప్రాంతపు దర్శకుడే ఉన్నారు. కె.వి. రెడ్డిగా పేరుపొందిన కదిరి వెంకటరెడ్డి 1912లో తాడిపత్రిలో పుట్టారు. ఒక్క మనిషి తీసిన సినిమాల్లో ఎంత వైవిధ్యం ఉందో చూడండి. 'భక్త పోతన', 'యోగి వేమన' భక్తి, జ్ఞాన మార్గాల కథలు. 'గుణసుందరి కథ'లో షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' ఛాయలున్నాయి. 'పాతాళ భైరవి' (1951) మాంత్రికుడు, తోటరాముడు ఉన్న జానపదం. 'పెద్దమనుషులు' (1954) ఒక ఊరి పెద్దల బండారం బయటపెట్టే సాంఘికం. 'దొంగరాముడు' (1955) మరో రకం సాంఘికం. 'మాయాబజార్' (1957) పౌరాణికం. వీటన్నిటికీ కలిపి ఒకే త్రాసు పట్టుకుంటే ఏమవుతుంది?

'సహజత్వం' అనే కొలతతో వెళితే 'మాయాబజార్' మొదటి రీలులోనే ఓడిపోవాలి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివెళ్లడంలో సహజత్వం ఏముంది? కానీ ఆ సినిమా సహజంగా ఉంటానని మాట ఇవ్వలేదు. మాయను నమ్మిస్తానంది, నమ్మించింది. అది పాండవుల బంధువుల కథ, పాండవుల కోసం జరిగే కథ, అయినా పాండవులు ఒక్క సన్నివేశంలో కూడా కనిపించరు. అంత పెద్ద లోటును ప్రేక్షకుడు గమనించకుండా మూడు గంటలు నడిపించడం కథన నైపుణ్యం. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం, పింగళి నాగేంద్రరావు మాటలు, ఎస్.వి. రంగారావు ఠీవి అన్నీ ఆ ఒక్క మాట నిలబెట్టడానికే పనిచేస్తాయి. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు నడవాలో చిత్రీకరణకు ముందే లెక్క కట్టుకునే దర్శకుడిగా కె.వి. రెడ్డికి పేరు. ఆ లెక్క తెరమీద కనిపించదు, కానీ ఎక్కడా విసుగు రాకపోవడంలో తెలుస్తుంది.

'పెద్దమనుషులు'కు వచ్చేసరికి మాట మారింది. ఇబ్సెన్ రాసిన 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' నాటకం ఛాయతో అల్లిన కథ ఇది. పురపాలక సంఘానికి పెద్దగా ఉంటూ ఊరి సొమ్ము తినే మనిషి, ఆయన చుట్టూ చేరిన గౌరవనీయులు. ఇక్కడ సహజత్వం అడగడం న్యాయమే. జంధ్యాల గౌరీనాథశాస్త్రి ఆ పెద్దమనిషిని కరుడుగట్టిన దుర్మార్గుడిలా కాక, అందరూ నమస్కారం పెట్టే మర్యాదస్థుడిలా ఆడటం వల్లే కథ నమ్మబుద్ధవుతుంది. నిజం మాట్లాడగలిగినవాడు రేలంగి వేసిన తిక్క శంకరయ్య ఒక్కడే కావడం ఆ సినిమా వేసిన పెద్ద చురక. రెండో జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తెలుగు చిత్రాల విభాగంలో దీనికి రాష్ట్రపతి రజత పతకం వచ్చింది.

2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానెల్ పెట్టిన ఆన్‌లైన్ ఓటింగులో 'మాయాబజార్' దేశంలోనే గొప్ప చిత్రంగా మొదటి స్థానంలో నిలిచింది. తాడిపత్రి పక్కవాళ్లం కనుక మనకు సంతోషమే. కానీ విమర్శ విద్యార్థిగా ఆలోచిస్తే, ఆ మొదటి స్థానం ఎంతమంది ఆ సినిమాను ప్రేమించి ఓటు వేశారో చెబుతుంది. 'పెద్దమనుషులు' కంటే అది మేలైనదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు ఉందని కూడా నేను అనుకోను.

మూడో ప్రశ్న: సీమ సినిమాలు

కొన్నేళ్ల కిందట ఒక సంపర్క తరగతిలో ధర్మవరం వైపు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు లేచి ఇలా అడిగారు: "సార్, నేను హైదరాబాదులో హాస్టల్లో చేరినప్పుడు మాది అనంతపురం అని చెప్తానే, గదిలో ఉండే అమ్మాయి 'మీ ఇండ్లల్లో బాంబులుంటాయంట కదా' అనింది. నవ్వుతానే అనింది లెండి. ఆ సినిమాలకు మీరెన్ని మార్కులేస్తారు?" ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠంలో ఈ భాగం చేర్చడానికి ఆమె ప్రశ్నే కారణం.

ఆమె అడిగినది ఫ్యాక్షన్ సినిమాల గురించి. 1997లో వచ్చిన 'ప్రేమించుకుందాం రా' నుంచి ఈ ధోరణి కనిపిస్తుంది. 1999 సంక్రాంతికి వచ్చిన 'సమరసింహారెడ్డి'తో స్థిరపడింది. 'నరసింహనాయుడు' (2001), 'ఆది', 'ఇంద్ర' (2002), 'ఒక్కడు' (2003) వరుసగా వచ్చాయి. వీటిలో చాలావాటి అచ్చు మీకు తెలిసిందే. కథానాయకుడు మొదటి సగంలో ఎక్కడో దూరంగా, గతం దాచుకుని మామూలు మనిషిలా బతుకుతుంటాడు. విశ్రాంతి దగ్గర ముసుగు తొలగుతుంది. గతం మొదలవుతుంది, తెర ఎర్రమట్టి రంగుకు మారుతుంది, సుమోలు బారులు తీరతాయి, కత్తులు లేస్తాయి.

మొదటి రెండు ప్రశ్నలతో చూస్తే వీటిలో మంచివాటికి మంచి మార్కులే రావాలి. ముసుగు తొలగే ఘట్టం కోసం ప్రేక్షకుణ్ని గంటసేపు ఊరించి, ఆ క్షణంలో హాలు హోరెత్తేలా చేయడం చిన్న పని కాదు. ఆ సన్నివేశాల నిర్మాణంలో దర్శకుడు బి. గోపాల్‌కూ, పరుచూరి సోదరుల సంభాషణలకూ ఉన్న పట్టును తక్కువ చేయలేం. అప్పటి సమీక్షకులు చాలామంది ఈ కొలతతోనే చూశారు, మెచ్చుకున్నారు. వాళ్ల కొలతలో అబద్ధం లేదు.

ఇప్పుడు 'ఇంద్ర'ను మూడో ప్రశ్నతో చూడండి. కాశీలో టాక్సీ నడుపుకునే కథానాయకుడి గతం రాయలసీమలో ఉంటుంది. కరువు నేలకు నీళ్లు రావడం ఆ గతంలో కీలకమైన ఘట్టం. ఆ నీళ్లు ఒక మహానుభావుడి త్యాగఫలంగా వస్తాయి. ఈ పీఠభూమి మీద బతికినవారికి ఇది ఎలా తోస్తుంది? అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనం తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. హంద్రీ-నీవా లాంటి పథకం కాగితం మీది నుంచి కాలువగా మారడానికి దశాబ్దాలు పట్టింది. ఆ దశాబ్దాల్లో ధర్నాలు చేసినవాళ్లు, భూములిచ్చినవాళ్లు, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేసి అప్పుల పాలైనవాళ్లు, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరుకు కూలికి పోయినవాళ్లు ఉన్నారు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి ఈ జిల్లా రచయితల కథల్లో వాళ్లు కనిపిస్తారు. సినిమాలో వాళ్లు వెనక వరుసలో నిలబడి చేతులు జోడించే గుంపు. కరువు ఉంది, కరువులో బతికే మనిషి లేడు. నన్నడిగితే, 'ఇంద్ర'కు రంజింపజేసే కథగా ఐదుకు నాలుగు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. సీమ కథగా ఒకటి మించి వేయలేను. ఈ రెంటినీ కూడి రెండున్నర అంటే, నా రెండు అభిప్రాయాలూ మాయమవుతాయి.

ఇక్కడ మీలో కొందరికి ఒక అభ్యంతరం రావాలి. వినోదం కోసం తీసిన సినిమాను వినోదంగానే చూడాలి కదా, 'మాయాబజార్'ను సహజత్వం అడగకూడదని ఇందాకే చెప్పి, 'ఇంద్ర'ను ఎందుకు అడుగుతున్నారు? అభ్యంతరం సరైనదే. జవాబు ఇది: 'మాయాబజార్' పేరు పెట్టిన లోకంలో ఎవరూ కాపురం ఉండరు. ద్వారక నుంచి వచ్చానంటే హాస్టల్లో ఎవరూ వింతగా చూడరు. ఫ్యాక్షన్ సినిమా మాత్రం నిజంగా ఉన్న ఒక ప్రాంతం పేరు పెట్టుకుంటుంది, ఆ పేరుతో వచ్చే భయాన్నీ ఉత్కంఠనూ వాడుకుంటుంది. పేరు వాడుకున్నప్పుడు ఆ పేరుగలవారికి కొంత బాకీ పడుతుంది. ఎంత బాకీ అన్నది వాదించుకోవచ్చు. అసలు లేదనడం మాత్రం కుదరదు.

అలాగని సీమలో కక్షలు లేవని, అదంతా సినిమావాళ్ల కల్పన అని మన సమీక్షలో రాయడమూ తప్పే. ఈ జిల్లా రాజకీయ హత్యల్ని చూసింది; పరిటాల రవి జీవితం నేపథ్యంగా రామ్‌గోపాల్ వర్మ 2010లో 'రక్తచరిత్ర' తీశారు. అభ్యంతరం హింస చూపించినందుకు కాదు, హింస తప్ప మరేదీ చూపించనందుకు. ఇదే దారిలో 2018లో వచ్చిన త్రివిక్రమ్ 'అరవింద సమేత వీర రాఘవ'ను చూడండి. అదీ కత్తులతోనే మొదలవుతుంది. కానీ కక్షలో భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్ల వైపు కథ తిరుగుతుంది, వాళ్ల మాటకు బరువు ఇస్తుంది; సీమ యాసను వెటకారానికి కాక మనసు చెప్పుకోవడానికి వాడుతుంది. పోరాట దృశ్యాల మీద దానికున్న మోజు చివరిదాకా పోలేదన్నది నా ఫిర్యాదు. అయినా బాకీలో కొంత తీర్చిన సినిమా అది.

నెమ్మది అనే నేరం

ఒకే త్రాసు వల్ల నష్టపోయే రెండో రకం సినిమాలు చిన్నవి, నిదానంగా నడిచేవి. బి. నరసింగరావు 1990లో తీసిన 'మట్టి మనుషులు'లో పల్లె విడిచి హైదరాబాదుకు వచ్చి, భవనాల పనుల్లో మట్టి మోసే ఆలుమగల కథ ఉంటుంది. తెలంగాణ నేపథ్యంలో తీసిన సినిమా అయినా, కదిరి నుంచి, కళ్యాణదుర్గం నుంచి బెంగళూరు వెళ్లే కుటుంబానికి పైన చెప్పుకున్న సీమ సినిమాల కంటే ఇదే దగ్గరి కథ అనిపిస్తుంది. ఇలాంటి సినిమా చూసి సమీక్షకుడు 'స్లోగా ఉంది' అని ఒక మార్కు కోసేస్తే ఏమనాలి? తట్ట ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం అనే పని ఎంత సేపు పడుతుందో అంత సేపూ మనల్ని చూడనివ్వడమే ఆ సినిమా పూనుకున్న పని. నెమ్మది అక్కడ పద్ధతి. ఉత్కంఠ కథలో అదే నెమ్మది లోపం. అయితే నిదానంగా నడిచే ప్రతి సినిమా గొప్పదని కూడా అనుకోకండి. ఏం చూపించాలో తోచక కెమెరాను అలా నిలిపేసిన సినిమాలూ ఉన్నాయి. ఆ నిదానంలో మీకు కొత్తగా ఏదైనా కనిపిస్తోందా, లేక గడియారం చూసుకుంటున్నారా అన్నది నిజాయితీగా గమనించుకోవడం తప్ప దీనికి వేరే సూత్రం లేదు.

అభ్యాసం

రాయలసీమ పేరు వాడుకున్న ఒక సినిమానూ, మీకు నచ్చిన మరే రకానికైనా చెందిన ఒక సినిమానూ ఎంచుకోండి. ఒక్కోదాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి కలం పట్టుకోవద్దు. రెండిటి మీదా కలిపి 600 పదాలకు మించకుండా సమీక్ష రాయండి. ప్రతి సినిమా ఏం చేయడానికి పూనుకుందో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి. కథ మొత్తం తిరిగి చెప్పవద్దు. మీ వాదనకు అవసరమైన రెండు మూడు సన్నివేశాలు చాలు. చివర ఐదుకు మార్కు వేయండి, ఏ కొలతతో వేశారో దాని పక్కనే ఒక్క వాక్యంలో రాయండి. ఒక కొలత సరిపోదనిపిస్తే రెండు మార్కులు వేయండి, సగటు తీయవద్దు. రాసినదాన్ని సీమ బయట పెరిగిన ఒక మిత్రుడికి గానీ మిత్రురాలికి గానీ ఫోనులో చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఒప్పుకోలేదో, దానికి మీరేం జవాబు చెప్పారో కాగితం వెనక రాసి తర్వాతి సంపర్క తరగతికి తీసుకురండి.